మొదటి సగం ఎవరి బంతి

భ్రమరాంబకు మొగుడి మీద మొట్టమొదట ఒళ్ళు మండింది ఫతేమైదాన్ స్టేడియం సిమెంటు మెట్ల మీద. హైదరాబాదులో కాపురం పెట్టి వారం తిరగలేదు. "సాయంత్రం తయారవు, బయటికెళ్దాం" అంటే సినిమాకేమో అనుకుని, పట్టుచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు తురుముకుని బయల్దేరింది. తీరా రామ్మోహనరావు తీసుకెళ్ళింది ఫుట్‌బాల్ మ్యాచికి. నెత్తిన ఎండ, చుట్టూ మగాళ్ళు, ఈలలు, చీర కుచ్చిళ్ళ నిండా పల్లీల పొట్టు. ఆయనకవేం పట్టలేదు. ఈ ఊరి పోలీసు జట్టు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు పట్టుకొచ్చిన సంగతి ఆవిడ చెవిలో అరిచి మరీ చెప్పాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆవిడ నోరు విప్పలేదు.

రామ్మోహనరావు ఆడే మనిషి కాదు. కాకినాడ నించి ఇంజినీరింగు చదవడానికొచ్చి, హాస్టలు కుర్రాళ్ళ వెంట పోయి ఆట చూడటం మరిగాడు. ఏ దేశంలో ఏ ఆటగాడికి ఏం జరిగిందో ఆయన నాలుక చివర ఉండేది. ఆదివారం వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పత్రికలు ఏరుకొచ్చేవాడు. రోడ్లు భవనాల శాఖలో ఉద్యోగం, ఎండలో తిరుగుడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడంటే మొదలెట్టేవాడు.

"లండన్లో ప్రపంచ కప్పునే దొంగలెత్తుకుపోయారు భ్రమరా! దేశం పోలీసులంతా గాలించారు. ఆఖరికి పట్టిందెవరనుకున్నావ్? కుక్క! పికిల్స్ అని ఓ కుక్క. కాయితంలో చుట్టి పొద కింద పడేస్తే వాసన పట్టేసింది."

"ఆ కుక్కనే అడగండి, మన గ్యాసు సిలిండరు ఏ పొద కింద ఉందో" అనేదావిడ చారు వడ్డిస్తూ.

అన్నిటికంటే ఆయనకిష్టమైన కథ ఇంకోటుంది. మొట్టమొదటి ప్రపంచ కప్పు ఫైనల్లో అర్జెంటీనా వాళ్ళు మా బంతితో ఆడాలన్నారు, ఉరుగ్వే వాళ్ళు మా బంతితోనే అన్నారు. తగువు తెగక, మొదటి సగం అర్జెంటీనా బంతితో, రెండో సగం ఉరుగ్వే బంతితో ఆడారు. మొదటి సగంలో అర్జెంటీనా వాళ్ళది పైచేయి. బంతి మారాక ఉరుగ్వే వాళ్ళు గెలిచేశారు. ఇంటికి ఎవరొచ్చినా ఈ కథ చెప్పాల్సిందే. కూతురు రసజ్ఞకైతే పాలసీసా నాటి నించీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా వంటింట్లోంచి భ్రమరాంబ, "ఆ రెఫరీకి బుర్ర లేదూ? దార్లో తనే ఓ బంతి కొనుక్కు రాకూడదూ?" అనేది. ఆయన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే ఆవిడా అనేదేమో. ఆ సంగతి ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు.

తొంభై ఎనిమిదిలో ఫ్రాన్సులో ప్రపంచ కప్పు జరిగింది. అప్పటికి వాళ్ళు బర్కత్‌పురా అద్దె ఇల్లు వదిలేసి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఫ్లాటు కొనుక్కుని నాలుగేళ్ళు. ఫైనల్లో బ్రెజిల్ ఓడిపోవడం ఆయన టీవీలో ఆసాంతం చూశాడు. మర్నాడు కాఫీ తాగుతూ రామ్మోహనరావు, "ఇంతకీ ఫైనల్ ఎప్పుడే?" అన్నాడు. వేళాకోళం అనుకుంది. ఆ మర్నాడూ అడిగాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం బర్కత్‌పురా నించి ఫోనొచ్చింది. పాత ఇంట్లో ఇప్పుడు అద్దెకుంటున్న వాళ్ళు చేశారు. ఆయన స్కూటరు గేటు ముందు ఆపి, చెప్పులు విడిచి లోపలికొచ్చేసి, "భ్రమరా, మంచినీళ్ళు" అని కేకేశాట్ట.

అప్పుడు బయటపడ్డాయి ఒక్కొక్కటే. మాదాపూర్ రోడ్డు వెడల్పు పని ఆయన చేతి మీదే నడుస్తోంది. ఆ పనిలో కొలతలు తప్పుతున్నాయనీ, కింది వాళ్ళు కడుపులో పెట్టుకుని సర్దుతున్నారనీ ఆఫీసు వాళ్ళు చెప్పారు. పంజాగుట్టలో పెద్ద డాక్టరు ఫిల్ములు దీపానికి అడ్డంగా పెట్టి చూసి, కళ్ళజోడు తీశాడు.

"ఈ మతిమరుపు జబ్బు ఈ వయసులో రావడం అరుదమ్మా. కానీ వచ్చింది. మందు లేదు. కొత్తవి ముందు పోతాయి, పాతవి కొన్నాళ్ళు నిలుస్తాయి. ఆయనకి ఇష్టమైనవేవో వాటి గురించి మాట్లాడిస్తూ ఉండండి."

"ఆయనకి ఇష్టమైంది ఒకటేనండి" అంది భ్రమరాంబ. అదేమిటో డాక్టరు అడగలేదు.

ఉద్యోగం మానిపించారు. పగలంతా ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. దూరంగా రాళ్ళు పేలుస్తున్న చప్పుడు వినిపిస్తే ఉలిక్కిపడి, "సైటుకెళ్ళాలి" అని లేచేవాడు. ఆవిడ మళ్ళీ కూర్చోబెట్టేది. నెల నెలకీ మాట తగ్గిపోయింది.

ఆ తర్వాతి వేసవికి రసజ్ఞకు ఉద్యోగమొచ్చింది. మాదాపూర్‌లో కొత్తగా కట్టిన సైబర్ టవర్స్‌లో, ఆరో అంతస్తులో ఒక కంపెనీ. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తారీఖు మర్చిపోకుండా సరిచేసే పని. ఆ మర్చిపోవడం మాట రసజ్ఞ ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు.

ఒకరోజు ఆ పిల్ల కాయితాల బొత్తి పట్టుకొచ్చింది. "అమ్మా, ఆఫీసులో ఇంటర్నెట్ ఉంది కదా. ఫుట్‌బాల్ సంగతులు ప్రశ్నలూ జవాబులూ కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. ప్రింటు తీశాను. నువ్వడుగు, నాన్న చెప్తారేమో చూద్దాం."

"నాకీ పేర్లు నోరు తిరగవే."

"తెలుగులో రాసిస్తాను."

పెన్సిలుతో ప్రతి పేరు పక్కనా రాసిచ్చింది. భ్రమరాంబ ఆ మధ్యాహ్నం బాల్కనీలో పీట వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, బడిపిల్లలా చదివింది. "యాభైలో బ్రెజిల్ మీద ఆఖరి గోల్ కొట్టిందెవరు?"

రామ్మోహనరావు రోడ్డు మీంచి చూపు తిప్పాడు. ఎన్నాళ్ళకో కళ్ళలోకి మనిషి వచ్చాడు.

"గిజ్జియా" అన్నాడు. "అల్సిడిస్ గిజ్జియా. ఉరుగ్వే వాడు. లక్షల మంది నోళ్ళు ఒక్కసారి పడిపోయాయి. బ్రెజిల్ గోల్‌కీపరు పేరు బర్బోసా. పాపం, అతన్ని జన్మలో క్షమించలేదు వాళ్ళు. ఒక్క గోలు..."

ఆ ఒక్క జవాబులో, ఆర్నెల్లుగా ఆడనన్ని మాటలు ఆడేశాడు. భ్రమరాంబ లేచి వంటింట్లోకెళ్ళి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు నించుని మళ్ళీ వచ్చింది. "ఇంకోటి అడగనా?" అంది.

ఆ రోజు నించీ రోజూ అదే. పనులు తెముల్చుకుని మూడింటికల్లా కూర్చునేది. ఒక చెయ్యి లేకుండానే ప్రపంచ కప్పు ఆడిందెవరు, ఉత్తర కొరియా చేతిలో ఓడి ఇంటికెళ్తే కుళ్ళు టమాటాలతో కొట్టించుకున్నదెవరు. ఆయన చెప్పేవాడు. చెప్తూ చేతులాడించేవాడు. నిన్న తిన్న కూర గుర్తుండేది కాదు గానీ, తను పుట్టకముందు ఎక్కడో ఎవడో కొట్టిన గోలు గుర్తుండేది. భ్రమరాంబకూ అవన్నీ తెలిసిపోయాయి. నిజానికి చాలామటుకు అంతకుముందే తెలుసు. కంచాల దగ్గర విన్నవే.

ఒక మధ్యాహ్నం ఆయన ప్రశ్నకి జవాబు చెప్పి, కుర్చీలో సర్దుకుని, "మేడమ్, మీరు రేడియో స్టేషన్ నించి వస్తారా అండీ?" అన్నాడు.

"ఏమిటా మాటలు? నేనండీ, భ్రమరని."

ఆయన మొహం పాలిపోయింది. గోడ వైపు జరిగాడు. "చూడండి, మీరెవరో నాకు తెలీదు. మా ఆవిడ పేరు చెప్పుకుని ఇంట్లోకి..." గొంతు పెరిగిపోయింది. రెండు గంటలకి గానీ నిమ్మళించలేదు. మర్నాడూ తను ఫలానా అని చెప్పబోతే మళ్ళీ అదే. మూడోనాడు ఆవిడ చెప్పడం మానేసింది. "అవునండి, రేడియో నించే" అంది. ఆయన తేలికపడి, "మంచి ప్రోగ్రామండీ మీది" అన్నాడు.

అప్పట్నించి మధ్యాహ్నాలు భ్రమరాంబ తన ఇంట్లోనే రేడియో మేడమ్. ఆయన ఆవిడ ఎదుట కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చునేవాడు, చొక్కా గుండీలు పెట్టుకునేవాడు. పాతికేళ్ళ కాపురంలో ఆవిడకి దొరకని మర్యాదలు.

"మా ఆవిడకి ఇవేవీ గిట్టవని నటిస్తుందండీ" అన్నాడోసారి.

కాయితం తిప్పుతున్న ఆవిడ చెయ్యి ఆగింది. "నటిస్తుందా?"

"మా పాప చిన్నప్పుడు జ్వరమొచ్చి అన్నం తినకపోతే, ఆవిడే కూర్చుని కుక్క కప్పు పట్టిన కథ చెప్తోంది. తలుపు చాటు నించి విన్నాను. ఒక్క ముక్క తప్పలేదు. నేను కూడా అంత బాగా చెప్పలేనండి." ఆయన గర్వంగా నవ్వాడు. "ఆ మాట ఆవిడతో అనలేదు. అంటే మానేస్తుందని భయం."

భ్రమరాంబ కాయితంలోకి తల వంచుకుంది. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి.

"ఏమైందండీ?"

"ఏం లేదండి. ఎండ."

ఆయన గోడ గడియారం వైపు చూసి కంగారుగా లేచాడు. "మేడమ్, ఏమీ అనుకోకండి. మా ఆవిడొచ్చే వేళైంది. మీరిక బయల్దేరండి. ఎవరో ఆడమనిషి నాతో కబుర్లాడుతోంటే ఆవిడ మనసు నొచ్చుకోవచ్చు. మంచిది కాదు."

ఆవిడ లేచి చెప్పులేసుకుంది. ఆయన వీధి తలుపు దాకా సాగనంపి, నమస్కారం పెట్టి, లోపల్నించి గడియ వేసుకున్నాడు.

భ్రమరాంబ కాసేపాగి బెల్లు కొట్టింది. ఇప్పుడు భార్యగా వెళ్తే తీస్తాడేమోనని, "ఏమండీ, నేనొచ్చాను, తలుపు తియ్యండి" అంది ఎప్పుడూ బజారు నించి వచ్చి పిలిచినట్టే.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. "మా ఆవిడ ఇంట్లో లేదండి. తర్వాత రండి" అని మళ్ళీ మూసుకుంది.

ఆవిడ మెట్ల మీద కూలబడింది. వాచ్‌మన్ మొగిలి నీళ్ళ మోటారు ఆపి పైకొస్తూ చూశాడు. "ఏందమ్మా, గిట్ల మెట్ల మీద కూసున్నరు? సారుకు మంచిగ లేదా?"

"నన్ను రానివ్వట్లేదు మొగిలీ."

మొగిలి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "నన్నయితే గుర్తువడతడమ్మా. జర ఆగుర్రి." తలుపు కొట్టి, "సార్, నేను మొగిలిని. అమ్మగారి చుట్టమామె వచ్చింది. అమ్మగారు వచ్చేదాంక లోపట కూసోమన్నది" అన్నాడు.

"అట్లాగా? రండి రండి" అన్నాడు రామ్మోహనరావు. అలా భ్రమరాంబ తన ఇంట్లోకి తనకే చుట్టమై వెళ్ళింది.

సాయంత్రం సంగతి విని రసజ్ఞ కాయితాలు చింపబోయింది. "ఇంక ఆపెయ్యమ్మా. నువ్వెవరో తెలీనప్పుడు ఉరుగ్వే వాళ్ళెవరో తెలిసి ఏం లాభం?"

భ్రమరాంబ కూతురి చేతుల్లోంచి కాయితాలు తీసుకుంది. "నాతో మాట్లాడుతున్నారే. నేనెవరైతే ఏం?"

శ్రావణ మాసంలో ఆయన భార్య కోసం ఎదురుచూడ్డం మొదలెట్టాడు. గుమ్మం దగ్గరే నించునేవాడు. అన్నం పెడితే, ఆవిడొచ్చాక తింటానండీ అనేవాడు. ఒకరోజు ఆవిడ స్నానానికెళ్ళి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. మొగిలి ఒక దిక్కూ, ఆవిడ ఒక దిక్కూ కాలనీ అంతా గాలించారు. రైతుబజారు దగ్గర అడిగారు, బస్టాపులో అడిగారు. సాయంత్రం ఐదు దాటాక ఫోను మోగింది. రసజ్ఞ.

"అమ్మా, నాన్న ఇక్కడున్నారు. మా ఆఫీసు ముందు. నన్ను గుర్తుపట్టలేదు, నాతో రానంటున్నారు. నువ్వు రా."

అంత దూరం ఆయన నడిచే వచ్చాడు. తను వేయించిన రోడ్డు కాళ్ళకు తెలిసి ఉంటుంది. మొగిలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆటోలో భ్రమరాంబ చేరేసరికి, గుండ్రటి అద్దాల మేడలోంచి జనం బయటికొస్తున్నారు, మెడల్లో కార్డులు వేలాడేసుకుని. గేటు పక్కన రామ్మోహనరావు. లుంగీ, పైన ఆఫీసు చొక్కా, పాదాలకు చెప్పుల్లేవు. వచ్చే పోయే ఆడవాళ్ళకల్లా అడ్డం వెళ్ళి అడుగుతున్నాడు. "అమ్మా, మొదటి ప్రపంచ కప్పు ఫైనల్లో మొదటి సగం ఎవరి బంతితో ఆడారు?"

కొందరు తప్పుకుని పోతున్నారు. కొందరు నవ్వుకుంటున్నారు. ఒకమ్మాయి మాత్రం ఆగి, తెలీదంకుల్ అంది జాలిగా. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఏం చెయ్యాలో తెలీక చేతులు కట్టుకుని నించున్నాడు. రసజ్ఞ కొంచెం ఎడంగా, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"మధ్యాహ్నం నించీ ఇదేనట" అంది తల్లిని చూసి. "ఎందుకని అడిగితే, మా ఆవిడ మొహం గుర్తు రావట్లేదమ్మా, జవాబు చెప్పినావిడే మా ఆవిడ అంటున్నారు."

భ్రమరాంబ ఆయన ముందుకెళ్ళి నించుంది. ఆయన అలసిపోయిన కళ్ళతో చూసి, ఆవిడనీ అడిగాడు. గొంతు బొంగురుపోయింది.

"అర్జెంటీనా బంతితో" అంది ఆవిడ. "రెండో సగం ఉరుగ్వే వాళ్ళ బంతి. వాళ్ళే గెలిచారు."

ఆయన కదలకుండా చూశాడు. రసజ్ఞ ఒకడుగు ముందుకేసి ఆగింది. ఇంకొక్క మాట చాలు అనిపించింది భ్రమరాంబకు.

"ఆ రెఫరీకి బుర్ర లేదూ? దార్లో తనే ఓ బంతి కొనుక్కు రాకూడదూ?"

రామ్మోహనరావు పగలబడి నవ్వాడు. తల వెనక్కి వాల్చి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా, పాత నవ్వే. ఆ నవ్వులో భ్రమరాంబ చెయ్యి చాచింది.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "భలే అన్నారండీ. మా ఆవిడ కూడా అచ్చం ఇట్లాగే అంటుంది" అన్నాడు. అని, ఆవిడ భుజం మీంచి, వెనకొస్తున్న జనంలోకి వెతుక్కుంటూ చూశాడు.

చాచిన చెయ్యి భ్రమరాంబ మెల్లిగా దించేసుకుంది. చెంగు సర్దుకుంది. "ఆవిడే పంపిందండి నన్ను. మిమ్మల్ని ఇంటికి తీసుకురమ్మంది."

"ఇంటికొచ్చేసిందా?" ఆయన మొహం విప్పారింది. "అదే, నేనిక్కడ వెతుకుతోంటే తనక్కడికొచ్చేసిందన్నమాట."

ఆటోలో మొగిలి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. రసజ్ఞ ఒక చివర ముడుచుకుని ఏడుస్తోంది, చప్పుడు రాకుండా. ఆయన మధ్యలో కూర్చుని, కొంచెం సేపయ్యాక భ్రమరాంబ వైపు వంగి, రహస్యం చెప్తున్నట్టు అన్నాడు. "ఒక్క మాట మీరే చెప్పండి ఆవిడకి. నా సోదికి విసిగి వెళ్ళిపోయిందేమో. ఇక మీదట చెప్పనులెండి."

"చెప్పమనే అంటోందండి" అంది భ్రమరాంబ. "వినాలని ఉందిట."

ఇంటికొచ్చాక ఎవరి కోసం వెతికాడో ఆయనకి గుర్తు లేదు. ఆ తర్వాత గుమ్మం దగ్గర నించోవడమూ మానేశాడు.

చలికాలం వచ్చేసరికి జవాబులూ రాలిపోయాయి. ముందు దక్షిణ అమెరికా పేర్లు పోయాయి. కుక్క ఉండేది, కుక్క పేరు పోయింది. తర్వాత కుక్కా పోయింది. ఆయన తప్పు చెప్పినా భ్రమరాంబ, "సరిగ్గా చెప్పారండి" అనేది. రసజ్ఞకు ఆఫీసులో పని ముమ్మరమై, ఇంటికి నిద్రకి మాత్రమే వచ్చేది. వచ్చినా ప్రింటు కాయితాలు తేవడం లేదు.

డిసెంబర్లో ఒక మధ్యాహ్నం ఆవిడ మామూలుగానే పీట వేసుకుని కూర్చుంది. కాయితం చూడకుండానే, "ఈ ఊరి పోలీసు ఫుట్‌బాల్ జట్టు వరసగా ఐదేళ్ళు ఏ కప్పు గెలిచిందండీ?" అంది.

ఆయన మర్యాదగా విన్నాడు. "ఏమీ అనుకోకపోతే ఒకటడగనా అండీ? ఫుట్‌బాల్ అంటే ఏంటి?"

డాక్టరు మాట విన్ననాడూ, మెట్ల మీద కూలబడిననాడూ, ఆ గేటు ముందు చెయ్యి దించేసుకున్ననాడూ ఏడవని మనిషి అప్పుడేడ్చింది. ఆయన మోకాలి మీద తల పెట్టుకుని, పక్క ఫ్లాటు వాళ్ళకి వినపడేంతగా ఏడ్చింది. తనని మర్చిపోతే తను ఇంకొకరిగా వచ్చి కూర్చోగలిగింది. ఇప్పుడు ఎవరిగా వచ్చి కూర్చోవాలో తెలియలేదు. ఆయన ఏం చెయ్యాలో తోచక, ఆవిడ జుట్టు మీద వేళ్ళ కొసలతో తట్టాడు, ఎవరి పిల్లనో సముదాయిస్తున్నట్టు.

కొంతసేపటికి లేచి మొహం కడుక్కొచ్చింది. కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది.

"ఒక బంతి ఉంటుందండి" అని మొదలెట్టింది. "పదకొండు మంది ఇటు, పదకొండు మంది అటు. ఆ చివరోటి, ఈ చివరోటి, వల కట్టిన గుమ్మాలుంటాయి. బంతిని అవతలి గుమ్మంలోకి పంపాలి. చేత్తో ముట్టుకోకూడదు. కాలితోనే తన్నాలి."

ఆయన శ్రద్ధగా విన్నాడు, కొత్త ఊరి సంగతులు వింటున్నట్టు. "చేత్తో ఎందుకు ముట్టుకోకూడదండీ?"

భ్రమరాంబ నోరు తెరిచి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆయనెప్పుడూ అది చెప్పలేదు. తనూ అడగలేదు.

"తెలీదండి" అంది.

ఆయన, పర్లేదన్నట్టు తలూపి, రోడ్డు వైపు తిరిగాడు.